ఉద్యోగత్యాగము – వైరాగ్యము

జంషెడ్‌పూరునకు ఖర్కాయి నది ఆవలి గట్టున ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ గలదు. అచ్చటి కర్మాగారములలో పెద్ద జీతమందుకొను అధికారికి నలుబదియవ యేటనే, పిల్లల చదువులు ముగియకమున్నే, ఉద్యోగము మాని ఆశ్రమము చేరవలెనను తలంపు కలుగవచ్చును. అది వైరాగ్యమా, విసుగుదలయా?

శ్రీరామకృష్ణులు మర్కటవైరాగ్యమును గూర్చి చెప్పు కథ యొకటి కలదు. సంసారబాధకు తాళలేక కాశికి పోయి కాషాయము ధరించినవాడు, కొన్నాళ్ళకు తనకచ్చట ఉద్యోగము దొరికినదని ఇంటికి జాబు వ్రాసెనట! ఉద్యోగమున్నవానికీ కథ వర్తింపదనుట సరికాదు. పై యధికారితో పొసగక పుట్టిన విరక్తి, బదిలీ కాగానే చల్లారుట లోకమెరిగినదే.

జంషెడ్‌పూరునకు పేరిచ్చిన జంషెడ్జీ టాటా 1898 నవంబరులో వివేకానందస్వామికి వ్రాసిన జాబులో, త్యాగబుద్ధితో విజ్ఞానశాస్త్రమునకు జీవితమర్పించువారికై మఠములవంటి నివాసములను తలపెట్టెను. కావున త్యాగమునకు పని అడ్డు కానేరదు.

ఇక ఇంటివారి మాట. 1884లో తండ్రి గతింపగా నరేంద్రుడు ఉద్యోగమునకై కలకత్తా వీధులు తిరిగెను. సన్న్యసించిన పిదపను తల్లిని మరువలేదు. ఖేత్రీ మహారాజు అజిత్ సింగు నెలనెల ఇచ్చు 100 రూపాయలు, తన మరణానంతరమును ఆమెకు అందునట్లు చూడవలసినదని 1898లోనే అర్థించెను. రాజీనామా వ్రాయబూనినవాడు తన తల్లి మందుల ఖర్చు ఎవరి భుజముపై పడునో ముందుగా విచారించుకొనెనా?