సీటు కదలకపోతే రాత అంటామా?

అర్ధవీడులో మీ ఇంటి ముందు కారు ఉంది. స్విచ్ నొక్కితే డ్రైవర్ సీటు కదలట్లేదు. నిమ్మకాయ కడతారా? కట్టరు. ముందు ఫ్యూజు చూస్తారు. తర్వాత బ్యాటరీ మైనస్ వైరు తీసి, సీటు కింద కనెక్షన్ ఊడిందేమో చూస్తారు. మోటారు చప్పుడు వస్తున్నా సీటు జరగకపోతే గేరు పళ్లు అరిగాయేమో వెతుకుతారు. కారణం తీసేస్తే కష్టం పోతుంది. బుద్ధుడు చూపిన దారీ ఇదే.

సీటు చెడితే పూర్వజన్మ పాపం అని ఎవరూ అనరు. మరి మనిషిని ఊరి చివర కూర్చోబెట్టినప్పుడు మాత్రం అలా అంటారెందుకు? 1957లో వెలువడిన ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో బాబాసాహెబ్ ఆ మాటను తోసిపుచ్చారు. పేదరికానికి, అంటుకు కారణాలు ఈ లోకంలోనే ఉన్నాయి. మనుషులు బిగించినవి మనుషులే విప్పగలరు. రాత అని వదిలేయకండి. కారణం వెతకండి.

జై భీమ్. నమో బుద్ధాయ.