కలచువాడెవడు?



“ట్రబుల్” అను ఇంగ్లీషు మాట మన పల్లెలలో తెలుగుమాట వలెనే నలుగుచున్నది. పులివెందుల తోటలో బోరు మోటారు ట్రబుల్ ఇచ్చినదందురు. ప్రొద్దుటూరు బజారులో అప్పిచ్చినవాడు ట్రబుల్ పెట్టుచున్నాడందురు. ఈ క్రియకు మూలమైన లాటిను మాటకు “బురదనీటి వలె కలగియున్న” యని అర్థము. మన తెలుగులోను అంతే గదా! నీరు కలగును, మనస్సును కలగును.

అయితే కలచుట ఎల్లప్పుడును తప్పేనా?

యోహాను సువార్తను చూడుడి. బేతెస్ద కోనేటి నీళ్లు కదలుటకును (5:7), శిష్యుల హృదయములు కలవరపడుటకును (14:1) గ్రీకు మూలములో ఒక్కటే క్రియ. మొదటిదాని కొరకు రోగులు కనిపెట్టుకొని యుండిరి. రెండవదానిని ప్రభువు వలదనెను.

కరవు కాలమున అహాబు ఏలీయాను చూచి, ఇశ్రాయేలీయులకు శ్రమ తెచ్చినవాడవు నీవే యని నిందించెను (1 రాజులు 18). ప్రవక్త ఆ నిందను రాజుమీదికే త్రిప్పెను. బయలు పూజను పోషించినది రాజు. దానిని బయటపెట్టినది ప్రవక్త. నేడును కూలి అడిగినవానిని, సంఘపు లెక్క చూపుమన్నవానిని, కక్షలు మానుడన్నవానిని “వీడే ట్రబుల్” అని త్రోసివేయుట సులభము.

అట్లని కలచు ప్రతివాడును ఏలీయా కాడు. తన యింటివారిని బాధపెట్టువానికి గాలియే స్వాస్థ్యమని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది (11:29).

భేదము తెలియుటెట్లు? జమ్మలమడుగు దగ్గర ఎండిన పెన్నలో చెలిమ త్రవ్వినప్పుడు మొదట వచ్చునది బురదనీరే. త్రవ్వినవాడు దానిని తోడిపోసి, తేటనీరు ఊరువరకు అక్కడనే కూర్చుండును. ఎనుము కూడ నీటిని కలచును. తన ఒళ్లు చల్లబడగానే లేచిపోవును.

కాబట్టి ఒకనిని ట్రబుల్ అని పిలువకమునుపు, ఆ బురద ఎవరు తెచ్చినదో విచారింతము. మనమే కలపబూనినప్పుడు, ఎవరి దాహము తీర్చుటకో, నీరు తేటపడువరకు నిలుచు ఓపిక మనకున్నదో లేదో ప్రభువు సన్నిధిని పరీక్షించుకొందము. అట్టి వివేకమును ఆయన మన సంఘములకు అనుగ్రహించును గాక. ఆమేన్.