పొద్దుగూకాక ఆ దారి ఎవరిది?

అక్క కొత్తిల్లు ఆత్మకూరులో. గృహప్రవేశం తెల్లవారుజామున 4:30కి. పాలు పొంగించే ఇత్తడి గిన్నె, పుట్టింటి చీర పట్టుకుని తమ్ముడు మార్కాపురం నుంచి రావాలి. మధ్యలో నల్లమల. దాన్ని దాటడానికి దారులు రెండు. దోర్నాల మీదుగా అడవి నడిమధ్యలోంచి వెళితే దాదాపు వంద కిలోమీటర్లు. కంభం, గిద్దలూరు మీదుగా ఘాట్ ఎక్కి దిగి, నంద్యాల నుంచి చుట్టు తిరిగి వస్తే ఇంచుమించు రెట్టింపు.

"గిద్దలూరు మీద రారా, రాత్రిపూట అదే నయం" అని అక్క ఫోన్లో చెప్పింది.

"వందతో పోయేదానికి రెండొందలు ఎవరు తిరుగుతారక్కా" అన్నాడు తమ్ముడు.

కొట్టు కట్టేసి బయల్దేరేసరికి 8:30 అయింది. దోర్నాల దాటి చెక్‌పోస్టు చేరేసరికి గేటు దించేసి ఉంది. ఆ అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు.

తమ్ముడు బతిమాలాడు. చీర చూపించాడు, గిన్నె చూపించాడు. చివరికి జేబులో చెయ్యి పెట్టాడు. కాపలా పెద్దాయన ఆ చేతిని చూసి కూడా కోప్పడలేదు. "లైట్లు ఆర్పి పది నిమిషాలు కూచో బాబూ" అన్నాడు.

మొదట ఏమీ కనబడలేదు. ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, గేటుకు అవతల తారు మీద దుప్పులు కనిపించాయి. పగటి ఎండ ఇంకా వదలని రోడ్డు మీద ఒక పిల్ల కాళ్లు ముడుచుకుని వెచ్చగా పడుకుంది. తల్లి పక్కనే నిలబడి చెవులు ఆడిస్తోంది. మలుపు తిరిగి ఒక్కసారిగా మీదికొచ్చే బండికి ఆ పిల్ల లేచి తప్పుకునేది ఎప్పుడు?

"పగలైతే ఇది మీ అక్కగారింటికి దారే బాబూ. పొద్దుగూకితే వీటి వాకిలి. పులి నీళ్లకు పోవాలన్నా ఈ తారు దాటాల్సిందే" అన్నాడు పెద్దాయన.

తమ్ముడు బండి వెనక్కి తిప్పాడు. గిద్దలూరు ఘాట్ రెండో గేరులో ఎక్కాడు, రెండో గేరులోనే దిగాడు. ఎదురుగా ఎక్కివస్తున్న లారీకి మలుపు దగ్గర ఆగి దారిచ్చాడు. వంపు వచ్చినప్పుడల్లా పక్క సీట్లో గిన్నె దొర్లేది. అక్క గుమ్మం ముందు ఆగేసరికి మూడు దాటింది. వాకిట్లో ముగ్గు ఇంకా తడారలేదు.

నీతి: కొండ దాటే దారిని కిలోమీటర్లతో తూచకూడదు. ఈ వేళకు ఆ దారి ఎవరిదో ముందు అడగాలి.

నల్లమలలో ఆంధ్ర వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం, తెలంగాణ వైపు అమ్రాబాద్, రెండూ టైగర్ రిజర్వులే. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే దారికీ రాత్రిపూట గేటు వేసేది ఈ జీవాల కోసమే. అక్కడ సిబ్బందితో గొడవపడేవాళ్లను తలచుకుంటే నాకు బాధేస్తుంది. మనకు చుట్టుదారి ఉంది, తెల్లవారే దాకా ఆగే వీలుంది. రోడ్డు అవతల నీళ్లున్న దుప్పికి ఆ రెండూ లేవు. గిద్దలూరు ఘాట్ కూడా అడవే, అక్కడా నిదానంగానే పోవాలి.

మార్కాపురం నుంచి అడవి దారిన ఆత్మకూరు వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం భోజనం కాగానే బయల్దేరండి. కొట్టు కట్టేశాక బయల్దేరితే మాత్రం బండిని కంభం వైపు తిప్పండి.