మొదటి ముద్ద యెప్పుడు?

ధ్యాన భాగములు: 1 సమూయేలు 1:21–24, విలాపవాక్యములు 4:4

జహీరాబాదు ప్రాంతములో ఒక పల్లెను, ఆ పల్లెలో ఒక యింటిని నీ మనస్సులో చూడుము. అత్త అరుగుమీద కూర్చుండి చేటలో జొన్నలు చెరుగుచున్నది. కోడలు గడపలో కూర్చుండి అయిదు నెలల బిడ్డకు పాలిచ్చుచున్నది. రాత్రి బిడ్డ రెండు మూడు సార్లు లేచి యేడ్చెను.

"నీ పాలు సరిపోతలెవ్వు బిడ్డా. రేపటి సంది ఇంత గటక పలుచగ జేసి పొయ్యి" అని అత్త చెప్పుచున్నది.

"ఆర్నెల్లు నిండేదాక ఏం వెట్టొద్దని అంగన్వాడి టీచరమ్మ జెప్పింది అత్తమ్మా" అని కోడలు మెల్లగా జవాబిచ్చుచున్నది.

"నీ పెనిమిటికి మూడో నెలనే అంబలి తాపిన. ఏమైండు? మంచిగనే ఉన్నడు గద!"

కోడలు మరి మాటలాడలేదు. ఇట్టి మాటలు ఎన్ని యిండ్లలో వినబడుచున్నవో నీవెరుగుదువు. ఇది వంటింటి సంగతి, దీనిని గూర్చి ధ్యానించుటకేమున్నది అని తలంచకుము. నోరులేని ఒక ప్రాణికి ఏది యెప్పుడు ఇయ్యవలెనో నిర్ణయించు అధికారము మన చేతికి వచ్చినప్పుడు, ఆ గడియను దేనినిబట్టి నిర్ణయించుదుము? ప్రశ్న ఇదియే. ప్రేమించు ప్రతివాడును ఎప్పుడో ఒకప్పుడు దీనికి ఉత్తరమియ్యవలసియున్నది.

మొదట వైద్యులు చెప్పునదేమో విందము. ఆరు నెలల వరకు బిడ్డకు తల్లిపాలు చాలును. మన వేసవి యెండలలో సహితము వేరుగా నీళ్లు పట్టనక్కరలేదు. తల్లిపాలలో నూటికి సుమారు 88 పాళ్లు నీళ్లే గదా. ఆరు నెలలు కాగా రెండు మార్పులు ఒక్కసారిగా కలుగును. తల్లి గర్భమునుండి బిడ్డ తెచ్చుకొనిన ఇనుపధాతువు తరిగిపోవును; పాలలో ఆ ధాతువు కొద్దిగానే యుండును. అదే కాలమున బిడ్డ మెడ నిలుపును, ఆనుకొని కూర్చుండును, చేతికందినదానిని నోటికి తెచ్చుకొనును, నోటిలో పెట్టినదానిని నాలుకతో బయటికి నెట్టివేయుట మానును. లోపల అక్కరయు, వెలుపల శక్తియు ఇంచుమించు ఒకే కాలమున వచ్చునట్లు సృష్టికర్త యేర్పరచియున్నాడు. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలకు ఈ లెక్క కొంత మారును గనుక వారి విషయమై వైద్యుని అడుగవలెను.

అయితే ఈ గడియను బిడ్డనుబట్టి గాక వేరొకదానినిబట్టి నిర్ణయించుట మనకు వాడుకైనది. అట్లు మనలను శాసించునవి మూడు కలవు: తొందర, భయము, కూలి.

తొందరను గూర్చి మొదట చెప్పుదును. అత్తగారిని నిందించుట సులభము. కాని ఆమె తొందర ఎక్కడనుండి వచ్చినది? ఆకలిని చూచిన కన్నులనుండి వచ్చినది. కడుపు నిండినదా లేదా అను భయమే ఆమె ప్రేమకు భాష. చదువుకొనినవారు మాత్రము తొందరపడలేదా? 1950 దశాబ్దములో అమెరికా దేశమందు పుట్టిన కొన్ని వారములకే బిడ్డలకు గట్టి ఆహారము పెట్టించిన వైద్యులుండిరి. తరువాత లోకమంతటను నాలుగు నుండి ఆరు నెలలనిరి. 2001వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇయ్యవలెనని తీర్మానించెను. కాబట్టి అత్తను చూచి నవ్వవలదు. ఆమెకంటె గొప్ప పుస్తకములు చదివినవారును తప్పిరి. తెలిసికొనిన పిమ్మట దిద్దుకొనిరి.

అయినను ఆమె చెప్పిన రుజువును మాత్రము పరీక్షింపవలెను. "ఏమైండు? మంచిగనే ఉన్నడు గద!" బ్రదికిన బిడ్డ సాక్ష్యము పలుకును. విరేచనములతో పోయిన బిడ్డ యెవరితో సాక్ష్యము పలుకును? శుభ్రము కాని నీళ్లతో కాచిన పలుచని జావ లేత కడుపునకు రోగమును తేగలదు. కడుపును నింపి, పాలు త్రాగవలసిన ఆకలిని కూడ చంపును. పుట్టినవెంటనే నాలుకకు తేనె రాయుటయు అట్టిదే. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదకరము. మన హైందవ సహోదరుల యిండ్లలో అనేకులు మగబిడ్డకు ఆరవ నెలలోను, ఆడబిడ్డకు అయిదవ నెలలోను అన్నప్రాసనము చేయుదురు. కడుపునకు మగ ఆడ భేదము లేదు. ఈ మాట చెప్పి మనము అతిశయపడవలదు. "క్రిస్మసు వచ్చుచున్నది గదా, బంధువులందరు కూడుదురు, ఆనాడే పెట్టుదము" అని మనమును పంచాంగమునే చూచితిమి గాని బిడ్డను చూడలేదు.

రెండవది భయము. ఆరు నెలలు నిండినను, "అరుగదేమో, గొంతులో పడునేమో, పండ్లు రానిమ్ము" అని కొందరు పదవ నెల వరకు, ఏడాది వరకు పాలతోనే గడుపుదురు. మధ్యమధ్య చాయలో బిస్కత్తు ముంచి చేతికిచ్చుదురు. దీనిని జాగ్రత్త యందురు. కాని జాగ్రత్త పేరుతో బిడ్డ ఆకలిగొనుచున్నది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో 6–8 నెలల బిడ్డలలో తల్లిపాలతో కూడ ఇతర ఆహారమును పొందినవారు సగము మంది కూడ లేరు. ఆరు నెలలు కాచుట ఎంత ధర్మమో, ఏడవ నెలలో కాచియుండకుండుట అంతే ధర్మము. నిన్న ప్రేమగా నుండిన ఓపిక నేడు నిర్లక్ష్యము కావచ్చును.

సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టు దేశమున, అనగా నేటి ఘనాలో, పని చేయుచు ఒళ్లు ఉబ్బి, వెండ్రుకలు రంగు మారి క్షీణించుచున్న పసివారిని చూచెను. అచ్చటి తల్లులు ఆ రోగమునకు "క్వాషియోర్కర్" అని పేరు పెట్టియుండిరి. తరువాతి బిడ్డ పుట్టగా రొమ్మునుండి తొలగింపబడిన పెద్ద బిడ్డకు వచ్చు రోగమని దాని భావము. 1935లో ఆమె ఆ పేరుతోనే దానిని లోకమునకు తెలియజేసెను. పాలు తీసివేయబడినవి, వాటి స్థానములో తగిన ఆహారము రాలేదు. మన దేశములోను ఈ రోగమును పరిశోధించిరి. 1918లో కూనూరులో ఆరంభమైన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు వచ్చెను. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. గోధుమలు, సెనగలు, వేరుసెనగలు, బెల్లము కలిపి బిడ్డలకొరకు పొడి చేయు విధమును అచ్చటివారు నేర్పిరి. దానికి "హైదరాబాదు మిక్సు" అని పేరు. అందులో కొనలేని వస్తువొక్కటియు లేదు.

జహీరాబాదు నేల ఈ విషయములో బీద నేల కాదు. జొన్నలు, కొర్రలు, తైదలు, కందులు, పెసలు ఇచ్చట పండినవి, పండుచున్నవి. 1983లో పస్తాపూరులో ఆరంభమైన డెక్కను డెవలప్‌మెంటు సొసైటీలో చేరిన స్త్రీల సంఘములు, వారిలో అనేకులు దళిత స్త్రీలు, ఈ పాత పంటల విత్తనములను పోగొట్టక దాచిరి. ఆ పనికి 2019లో ఈక్వేటరు బహుమానము వచ్చెను. వంద గ్రాముల తైదలలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. తైదలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి విసరిన పిండితో జావ కాచినయెడల పిండి యెక్కువ వేసినను అది జిగురుగా గట్టిపడదు. చిన్న కడుపులో ఎక్కువ బలము పట్టును. చెంచా వంచినప్పుడు నీళ్లవలె కారిపోవు జావ చాలదని వైద్యులు చెప్పుదురు. మెత్తగా ఉడికిన పప్పు, మెదిపిన ఆకుకూర, గ్రుడ్డు, కొంచెము నూనె లేక నెయ్యి కూడ చేర్చవలెను. మొదట రోజుకు రెండు మూడు సార్లు, రెండు మూడు చెంచాలు. తరువాత మెల్లగా హెచ్చింపవలెను. రెండేండ్లు నిండువరకు, ఆపైనను, తల్లిపాలు కొనసాగవచ్చును. ముద్ద ఆరంభించుట వేరు, పాలు మాన్పించుట వేరు.

మూడవది కూలి. దీనిని గూర్చి మన సంఘములలో తక్కువగా మాటలాడుదుము. ఆరు నెలలు పాలు మాత్రమే ఇమ్మని చెప్పుచున్నాము. కాని మూడవ నెలలోనే కలుపునకు పోవలసిన తల్లి యేమి చేయును? బిడ్డను ఎనిమిదేండ్ల అక్కకు అప్పగించి, గిన్నెలో ఇంత జావ పెట్టి పోవును. ఆ యింట మొదటి ముద్ద గడియను తల్లి నిర్ణయింపలేదు, అత్తయు నిర్ణయింపలేదు; కూలి నిర్ణయించినది. 1961 నాటి ప్రసూతి చట్టమును 2017లో సవరించి, 12 వారములుగా నున్న వేతన సెలవును 26 వారములు చేసిరి. అనగా సరిగా ఆరు నెలలు! ఆఫీసులో పని చేయు సహోదరికి ఆ మేలు దొరికినందుకు స్తోత్రము. కాని చెరకు తోటలో, అల్లము మడిలో వంగి పని చేయు సహోదరికి అట్టి సెలవు లేదు. ఇద్దరి బిడ్డల కడుపులును ఒక్కటే.

ఇచ్చట హన్నాను జ్ఞాపకము చేసికొనుము. ఎల్కానా కుటుంబము ఏటేట షిలోహునకు పోయి బలి అర్పించెడిది. బిడ్డ పాలు విడుచువరకు తాను రానని హన్నా చెప్పెను. ఎల్కానా యేమనెను? ఆచారము తప్పెనని కోపపడలేదు. నీకు మంచిదని తోచినట్లే చేయుమని చెప్పి, ఆమెను ఇంట నుండనిచ్చి తాను పోయెను. హన్నా మ్రొక్కుబడిని మరువలేదు. బిడ్డ పాలు విడిచిన వెంటనే తీసికొనిపోయెను. తొందరపడలేదు, ఆలస్యము చేయలేదు. కాని ఆమె అట్లు నిలువగలుగుటకు ఇంటివారు చోటిచ్చిరి. దేవుని మందిరమునకు పోవు ప్రయాణము సహితము ఒక పసిబిడ్డ కొరకు ఆగెను. మన పొలములోని కలుపు ఆగరాదా?

కనుక తండ్రీ, నీ భార్య గడిపిన ఆరు నెలలు ఆమె ఒక్కతె ఓపిక కాదు, నీ చెమట కూడ అందులో నుండవలెను. భూమిగల సహోదరుడా, నీ మడిలో పని చేయు బాలింతకు బిడ్డను గట్టు నీడను పడుకొనబెట్టి నడుమ నడుమ పాలిచ్చుకొనుటకు సమయమిమ్ము. ఆ గడియను కూలిలో కోయకుము. సంఘపెద్దలారా, స్త్రీల కూటములో ఒక పూట ఈ సంగతిని చెప్పించుడి. అంగన్వాడీలో ఏడవ నెల మొదలు బిడ్డకిచ్చు బాలామృతము ఆ బిడ్డ నోటికే చేరుచున్నదా, ఇంటిల్లిపాది పంచుకొనుచున్నారా అని కనుగొనుడి.

యెరూషలేము ముట్టడిలో పసివారు అన్నమడుగగా విరిచి పెట్టువాడెవడును లేకపోయెనని విలాపవాక్యములు దుఃఖించుచున్నవి. రొట్టె యుండిన చాలదు, ఒకరు కూర్చుండి దానిని చిన్న ముక్కలుగా విరువవలెను. బిడ్డ నోరు తెరచువరకు చెంచా పట్టుకొని కాచియుండవలెను. ముఖము త్రిప్పుకొనినప్పుడు బలవంతము చేయక ఆపవలెను. పెట్టువాని వేగము కాదు, తినువాని వేగమే అచ్చట ధర్మము. మన ప్రభువు యాయీరు కుమార్తెను లేపిన తరువాత చేసిన మొదటి ఆజ్ఞ యేది? ఆ చిన్నదానికి తినుటకేమైన పెట్టుడని చెప్పెను. అందరు ఆశ్చర్యములో మునిగియుండగా ఆయన మాత్రము ఆమె ఆకలిని చూచెను.

దేవుడు మనలను పెంచిన విధమును తలంచుకొనుము. మనకు అరుగని సత్యమును ఆయన ముందుగా మన గొంతులో క్రుక్కలేదు. అరుగు కాలము వచ్చినప్పుడు పాలతోనే ఉంచనులేదు. మనము నోరు తెరచువరకు కాచియుండెను. అట్టి చేతితో పోషింపబడిన మనము, మన చేతిక్రిందనున్న చిన్నవారిని మన తొందరనుబట్టి గాని, మన భయమునుబట్టి గాని, మన లాభమునుబట్టి గాని పోషింపవచ్చునా?

ఆ యింటికి తిరిగి పోదము. ఇంకొక నెల గడచినది. బిడ్డ అత్త ఒడిలో ఆనుకొని కూర్చుండి, ఆమె చేతిలోని చెంచాకై చేయి చాచుచున్నది. కోడలు మెత్తగా కాచిన తైద జావ తెచ్చినది. మొదటి చెంచా ఎవరు పెట్టవలెను? కోడలు గిన్నెను అత్త చేతికిచ్చినది. అత్త కన్నులు మూసికొని ఒక చిన్న ప్రార్థన చేసి, చల్లారినదా అని చూచి, బిడ్డ నోరు తెరచువరకు కాచియున్నది.

ప్రియ చదువరీ, నీ ఒడిలోనో, నీ పొరుగింటనో అట్టి బిడ్డ యుండునేమో. ఈ దినమున ఆ బిడ్డను చూడుము.