చేతిలోని కఱ్ఱ

ధ్యానభాగము: నిర్గమకాండము 3, 4 అధ్యాయములు



ఫరోయెదుట నిలిచినప్పుడు మోషే 80 ఏండ్లవాడు. పిలుపు వచ్చినప్పుడు తాను తగనని, తన మాట ఎవరును నమ్మరని, తనకు నోరు తిరుగదని చెప్పెను. దేవుడు అతని వయస్సును లెక్కింపలేదు. చేతిలోనున్న దానిని గూర్చి అడిగెను. ఉన్నది గొఱ్ఱెలకాపరి కఱ్ఱయే.

ఈ పాఠము నేడు అమెరికాలో కొందరికి మిక్కిలి అవసరము. అక్కడ ఫిజీషియన్ అసిస్టెంట్ అను వైద్యవృత్తి గలదు. వీరు డాక్టర్లతో కలిసి పనిచేయుచు రోగులను పరీక్షింతురు, మందులు వ్రాయుదురు. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయములో డాక్టర్ యూజీన్ స్టెడ్ ఈ చదువును ఆరంభించినప్పుడు, మొదట చేరిన నలుగురును నౌకాదళములో రోగులకు పరిచర్య చేసి వచ్చినవారే. నేటికిని అనేక పాఠశాలలు, రోగులయొద్ద ఎన్ని గంటలు పనిచేసితివని అడుగును.

అంబులెన్సులో పనిచేసి, పిల్లలను పెంచిన 45 ఏండ్ల స్త్రీ యొకతె ఈ చదువుకొరకు ఇంటర్వ్యూకు పిలువబడెననుకొనుడి. చదువు సుమారు 27 నెలలు. ఆ కాలమున ఉద్యోగము చేయుట బహు కష్టము. అప్పు చేయవలసి రావచ్చును. ప్రక్క కుర్చీలలో తన పిల్లల యీడువారు కూర్చుండియుందురు. ఆమె గుండె జారదా?

ఆమె తన ఏండ్లను దాచరాదు. వాటికొరకు సిగ్గుపడను రాదు. ఇంత ఆలస్యముగా ఏల వచ్చితివని, డాక్టరు చదువు గాక ఇదియే ఏల యని అడిగినయెడల నిజమే చెప్పవలెను. చాల అనుభవమున్నదని చెప్పిన చాలదు. ఒక రాత్రి, ఒక రోగి, తాను చేసినది, నేర్చుకొన్నది—రోగి పేరు బయటపెట్టక—చెప్పవలెను. అదియే ఆమె కఱ్ఱ.

దేవుడు మోషేను తిన్నగా ఫరోయొద్దకు పంపలేదు. ముందు అరణ్యములోనే కఱ్ఱను పడవేయించి, మరల పట్టించెను. తోడుగా అహరోనును ఇచ్చెను. కొన్ని పాఠశాలలలో గదివెలుపల ఒక సమస్యను చదివి, లోపల కొద్ది నిమిషములలో జవాబు చెప్పి, మరియొక గదికి పోవలెను. కావున ఆమె ఇంటియొద్దనే గడియారము పెట్టుకొని, స్నేహితురాలియెదుట బిగ్గరగా అభ్యసించవలెను.

అన్నిటికంటె కష్టమైన ప్రశ్న యొకటి గలదు: నీకంటె చిన్నవాడు నిన్ను దిద్దినయెడల ఏమి చేయుదువు? ఐగుప్తులో తొందరపడి చేయి చేసికొన్న మోషే, మిద్యానులో మందవెంట నడచుట నేర్చెను. అనుభవము గర్వమును పెంచినయెడల అది భారమే. వినుటకు నేర్పినయెడల అది ధనము. ఆమె తాను దిద్దుబాటును అంగీకరించిన ఒక సందర్భమును జ్ఞాపకము చేసికొని వెళ్లవలెను.

మొదటిసారి ఆమెను చేర్చుకొనకపోవచ్చును. ఫరోయు మొదటిసారియే వినలేదు. మోషే మరల మరల వెళ్లెను. ఆమె కఱ్ఱను ఎవరును తీసికొనిపోలేరు.

మన పల్లెలలోను అక్షరములు నేర్చుటకు, క్రొత్త పని పట్టుటకు వయస్సు మించినదని కూర్చుండువారున్నారు. మీ చేతిలో నేమున్నదో నేడే చూచుకొనుడి.

ప్రార్థన: ప్రభువా, మేము గడపిన ఏండ్లను వ్యర్థమని యెంచక, నీ పనికి సమర్పించు ధైర్యమును, నేర్చుకొను వినయమును మాకు దయచేయుము. ఆమేన్.