పెరటి కొట్టము – కాయకము

ఉద్యోగముచే జీవించు గృహస్థుడొకడు పెరటిలో రేకుల కొట్టము వేసి, అందు తన మోటారు సైకిలు నిలిపి, గొలుసుకు నూనె పెట్టుట, స్పార్కు ప్లగ్గు తుడుచుట, ఇంజను నూనె మార్చుట స్వయముగా నేర్చినాడనుకొందము. ఇది కాయకమగునా? చేతికి మసి అంటినంత మాత్రాన కాయకము కాదు. అట్లని వినోదమని త్రోసివేయుటయు న్యాయము కాదు. బ్రేకుల పని తెలియనిచో తెలిసినవానికే అప్పగించవలెను. అతనిది నిజమైన కాయకము.

అసలు చిక్కు వేరొకచోట నున్నది. రెండు పానాలతో మొదలైన కొట్టములో ఏడాది తిరుగకముందే పాత టైర్లు, ఎన్నడో పనికివచ్చునని దాచిన కార్బురేటర్లు, కదలని రెండవ బండి చేరును. 12వ శతాబ్దిలో కల్యాణమున ఒలికిన బియ్యమును ఏరుకొని దాసోహము చేసిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని అక్కడనే పోసి రమ్మన్నదని శరణుల చరిత్ర. బియ్యము చెడ్డదా? కాదు, అందు రేపటి భయము కలిసినది. ఆ తల్లి ఈ కొట్టపు తలుపు తీసిన ఏమనును?

పొరుగువారి క్షేమమును చూడవలెను. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. నేలవెంట ప్రాకి పక్కగదిలోని పూజాదీపమును చేరగలదు. మూసిన కొట్టములో ఇంజను నడిపిన వెలువడు కార్బన్ మోనాక్సైడుకు వాసనయే లేదు. కావున గాలిదారు లుండవలెను. డబ్బాలలో పెట్రోలు నిలువ చేయరాదు. తీసిన నూనెను వీధికాలువలో పోయువాని లింగపూజ ఎట్టిది?

తెల్లవారుజామున పాలు పోయు కుర్రవాని బండి ఆ వాకిటనే ఆగిపోయినది. ఆ పానాలు అతని చేతికి వచ్చునా, లేక కొట్టమునకు తాళము పడియుండునా?