కాపాడితే మనదవుతుందా?

ఊసరవెల్లి అంటే మనకి ఒక తిట్టు. పార్టీ మారిన నాయకుడికీ, మాట మార్చిన స్నేహితుడికీ ఆ పేరే పెడతాం. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత కూడా ఉంది. ఆ సామెతని నమ్మితే ఊసరవెల్లికి పుట్టుకే లేదు. నిజానికి బతుకంతా కొమ్మల మీద గడిపే ఆ జీవి గుడ్లు పెట్టడానికి మాత్రం నేలకి దిగుతుంది. కాళ్లతో గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ చోటికి రాదు. నెలల తర్వాత పిల్లలు వాటంతట అవే మట్టి తోసుకుని బయటికొస్తాయి.

ఆ నెలల మధ్యలో ఒక మనిషి వచ్చి గుడ్లని కాపాడితే, పుట్టే పిల్లలు ఎవరివి?

ఈ ప్రశ్న నాకు ముత్తుకూరులో మా అన్న కొడుకు వల్ల ఎదురైంది. వాడికి పదమూడేళ్లు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో, తుమ్మచెట్టు కింద ఊసరవెల్లి గుడ్లు పెట్టడం కళ్లారా చూశాడు. ఆ స్థలం చదును చేయడానికి రెండు రోజుల్లో జేసీబీ రావాలి. "చిన్నాయనా, ఈడే ఉంటే చచ్చిపోతాయి గదా. థర్మాకోల్ డబ్బాలో పెట్టి పొదిగిస్తా, యూట్యూబ్‌లో చూశా. పిల్లలొస్తే ఒకటో రెండో నేను పెంచుకుంటా" అన్నాడు.

పొదిగించడం అనే ఆలోచన వాడికి కొత్తేం కాదు. రొయ్యల గుంటల మధ్య పెరిగిన పిల్లాడు, హ్యాచరీ అన్న మాట తెలియకుండా ఎలా ఉంటుంది? తల్లి రొయ్య తొందరగా గుడ్లకి రావాలని దాని ఒక కంటి కాడని తీసేసే పద్ధతి హ్యాచరీల్లో ఉంది. గుడ్లు పక్వానికి రాకుండా ఆపే హార్మోన్ ఆ కాడలోనే ఉంటుంది. గుడ్లు పెట్టాక ఒక్కరోజులోపే పిల్లలొస్తాయి, కొన్ని వారాలకి సీడుగా మారి గుంటలకి చేరతాయి. అక్కడ పొదిగించడమంటే పట్టుకోవడానికి తొలిమెట్టు. ఈ లెక్కలో వాడి కోరిక చాలా చిన్నది, దయగలది కూడా.

విదేశాల్లో ఊసరవెల్లుల్ని ఇంట్లో పెంచేవాళ్ల ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది. యెమెన్ ప్రాంతపు వెయిల్డ్ కమీలియన్ గుడ్లని తడిపిన వర్మిక్యులైట్‌లో పెట్టి, ఆరు నుంచి తొమ్మిది నెలలు చెమ్మా వేడీ చూసుకుంటూ కూర్చుంటారు. గుడ్డు తిరగబడితే లోపలి పిండానికి ప్రమాదమని పైభాగాన పెన్సిల్‌తో చిన్న గుర్తు పెడతారు. అంత శ్రద్ధ పెట్టినవాళ్లకి "ఇది నాది" అనిపించడం సహజం. కానీ ఆ శ్రద్ధంతా చివరికి ఆ పిల్లని ఒక గూటికి చేరుస్తుంది. అక్కడ కొమ్మా, దీపం, పురుగులూ అన్నీ ఉంటాయి, బయటికి దారి ఒక్కటే ఉండదు.

మన దేశంలో చట్టం వేరే చోట గీత గీసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పించిన జీవుల్లో మన ఊసరవెల్లి ఉంది. ఆ చట్టంలో 'వేట' అన్న మాటకి ఇచ్చిన అర్థం చూసి నేను కాస్త ఆగాను. పక్షులూ సరీసృపాల విషయంలో గుడ్లని పాడు చేయడమే కాదు, గుడ్లనీ గూటినీ కదిలించడం కూడా వేట కిందికే వస్తుంది. అంటే మావాడు ప్రేమతో చేయబోయే పని, చట్టం భాషలో వేట. వాడికి ఆ మాట చెప్పాను. వాడు వెంటనే అడిగాడు: "మరి జేసీబీది వేట కాదా?"

అదీ వేటే. పాడు చేయడం అన్న మాట దానికీ వర్తిస్తుంది. కాకపోతే జేసీబీకి ఎవరూ చట్టం చదివి వినిపించరు, పిల్లాడికి వినిపిస్తాం. మా మండలంలోనే కృష్ణపట్నం ఓడరేవు ఉంది, నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది. ఇంత నేల చదునైన చోట ఒక డబ్బా పట్టుకున్న పిల్లాణ్ణి వేటగాడు అనడం నాకూ మింగుడు పడలేదు. "ప్రకృతిని దాని మానాన వదిలెయ్యాలి" అనే మాట, దాని మానాన దాన్ని వదలని చోట పెద్దగా పనికిరాదు.

ఇలాంటి చోట ఏం చేయాలో మా తీరంలోనే ఒక నమూనా ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు నెల్లూరు ఇసుకలోకి వచ్చి ఒక్కొక్కటి వంద దాకా గుడ్లు పెడతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా అటవీశాఖవాళ్లూ, మత్స్యకార యువకులూ వాటిని తీసి, కంచె వేసిన చోట అంతే లోతున పూడుస్తారు. దాదాపు యాభై రోజులకి పిల్లలొస్తాయి. ఆరోజే సముద్రంలోకి వదిలేస్తారు. ఏ ఒక్కటీ గుర్తుగా కూడా ఇంటికి రాదు. అక్కడ కూడా మనిషి చెయ్యి అమాయకమైనదేం కాదు. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి: వేడెక్కువైతే ఆడవి, తగ్గితే మగవి. కంచెపైన కాస్త నీడ కట్టినా ఆ లెక్క మారిపోతుంది. కాపాడేవాడు ఏదో ఒకటి నిర్ణయించకుండా కాపాడలేడు. అందుకే, వదిలేసే రోజు ముందే ఖాయమై ఉండాలని నాకనిపిస్తుంది. ఆ రోజు లేకపోతే కాపాడటం మెల్లగా సొంతం చేసుకోవడంగా మారుతుంది, మనకే తెలియకుండా.

చిన్నప్పుడు పాఠంగా చదివిన సిద్ధార్థుడి హంస కథ వాడికి గుర్తు చేశాను. కొట్టినవాడిది కాదు, కాపాడినవాడిదే హంస అని తీర్పు. ఎన్నేళ్లుగానో ఆ తీర్పు సరైనదే అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అందులో ఒక ప్రశ్న అడగనే లేదు: హంస అసలు ఎవరికైనా ఎందుకు చెందాలి? దేవదత్తుడికి ఇవ్వకపోవడం న్యాయమే. అయితే సిద్ధార్థుడికి దక్కింది హంస కాదు, అది ఎగిరేదాకా చూసుకునే పని.

అటవీశాఖకి ఫోన్ చేశాం. మర్నాడు సాయంత్రం ఒకాయన వచ్చాడు. ఆయన చెప్పినట్టే, గుడ్లని పక్కకి దొర్లనీయకుండా, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి, చదును చేయని కంచె వారకి మార్చి అదే లోతున పూడ్చాం. మావాడు నాలుగు రాళ్లు గుర్తు పెట్టాడు. ఒక్క గుడ్డన్నా ఇంట్లో పెట్టుకోనిస్తారా అని ఆయన్ని అడిగి, కాదనిపించుకుని, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వాడి కోపం నాకు అర్థమైంది. చూడకుండా ప్రేమించమని పదమూడేళ్లవాణ్ణి అడగడం చిన్న విషయం కాదు.

మడగాస్కర్‌లో లాబోర్డ్ ఊసరవెల్లి అని ఒకటుంది. దాని బతుకు ఏడాది. అందులో ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులోనే గడుస్తాయి, వెలుతురు చూసేది నాలుగైదు నెలలే. ఏడాదిలో కొంతకాలం ఆ జాతి మొత్తం మట్టికింద గుడ్ల రూపంలోనే ఉంటుంది, పెద్దది ఒక్కటీ మిగలదు. ఈ సంగతి చదివాక, గుడ్డుని "ఇంకా మొదలవని ప్రాణం" అనుకోవడం మానేశాను. మట్టిలో ఉన్నదీ బతుకే, అందులో మనకి కనపడేదేం లేకపోయినా. మావాడికి అదే చెప్పాను. "అయితే ఇప్పుడు అవి బతుకుతున్నట్టేనా?" అన్నాడు. అవునన్నాను. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా వాడు గుడ్ల గురించి అడగడం లేదు. వాన పడిందనీ, కంచె దగ్గర నీళ్లు నిలవలేదనీ చెబుతున్నాడు.